ముసుగులు మార్చుకున్న సాయంత్రం

ముప్ఫై ఏళ్లకు పైగా నేను ఒక కర్మాగారంలో భద్రతా విభాగంలో పనిచేశాను. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. హెల్మెట్ లేకుండా లోపలికి పోయేవాణ్ణి ఆపడం, మరమ్మతులో ఉన్న యంత్రం స్విచ్చి ఎవరూ వేయకుండా దానికి ఎర్ర చీటీ కట్టించడం, పొద్దున్నే పనివాళ్లను నిలబెట్టి ఆ రోజు ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలో చెప్పడం నా పని. రిటైరయ్యాక ఉద్యోగం పోయింది గానీ అలవాటు పోలేదు. ఎవరింటికైనా పెళ్లికి వెళ్తే ముందు వంటశాలలో సిలిండర్లు ఎక్కడ పెట్టారో చూసొస్తాను. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది.

దువ్వాడ స్టేషనుకు కాస్త అవతల ఉన్న మూడు బ్లాకుల అపార్టుమెంటులో మేముంటాం. మా అబ్బాయి, కోడలు, మనవరాలు కూడా మాతోనే. మూడేళ్ల కిందట అక్టోబరులో అపార్టుమెంటు పిల్లలు హాలోవీన్ చేసుకుంటామని పట్టుబట్టారు. దెయ్యాల్లా వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడగడం. కొందరు పెద్దలు ఇది మన పండగేనా అన్నారు. నాకు ఆ గొడవ పట్టలేదు. పండగ ఎవరిదైతేనేం, కొవ్వొత్తులు ఎక్కడ పెడతారు, పొడుగు గౌన్లు వేసుకున్న పిల్లలు మెట్లు ఎలా దిగుతారు, సెల్లారులో కార్లు వెనక్కి తీసేవాళ్లకు నల్లబట్టల పిల్లలు కనబడతారా అని అడిగాను. మీటింగులో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ బాధ్యతేదో మీరే తీసుకోండి మాస్టారూ అన్నారు. నేను మాస్టర్ని కాదు. అయినా అక్కడ అందరూ అలాగే పిలుస్తారు.

రెండు వారాలు నాకు చేతినిండా పని దొరికింది. నోటుబుక్కు పట్టుకుని మూడు బ్లాకులూ ఎక్కి దిగాను. మాడిపోయిన మెట్లదారి బల్బులు మార్పించాను. కొవ్వొత్తులు వద్దని, బ్యాటరీ దీపాలే పెట్టాలని ఒప్పించాను. ఆ సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఎవరూ కారు తీయకూడదని రాసి, సెల్లారు దారికి అడ్డంగా తాడు కట్టించి, తాడుకు ఇటూ అటూ పూలకుండీలు పెట్టించాను. ముసుగులు, గౌన్లకు నల్లగుడ్డ వన్ టౌన్‌లో టోకు దుకాణం నుంచి తెప్పించారు. ముసుగుల కళ్ల రంధ్రాలు చిన్నవిగా ఉంటే మా ఆవిడ కత్తెర పట్టుకుని ఒక్కొక్కటీ పెద్దవి చేసింది. ఎవరో ఆనందపురం నుంచి గుమ్మడికాయలు తెచ్చి కళ్లూ ముక్కూ చెక్కారు. వాటిని గేటు దగ్గర పెడుతుంటే రెండో బ్లాకులో ఉండే ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది.

“దిష్టి తీసి పగలగొట్టే గుమ్మడికాయకి మొకం సెక్కినారేటి బాబూ?” అంది.

పిల్లల సరదా అని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నాతో మాట్లాడాలనే వచ్చింది.

ఆవిడది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. భర్త, అన్నదమ్ములు ఇప్పటికీ పడవల మీదే ఉన్నారు. కొడుకు చదువుకుని పోర్టులో ఉద్యోగంలో చేరాడు. కోడలికి నగరంలో ఆఫీసు పని. వాళ్లిద్దరూ బయటికి పోతే ఎనిమిదేళ్ల మనవరాలిని ఈవిడే చూసుకుంటుంది. ఆ పాప, మా మనవరాలు ఒకే తరగతి, ఒకే ఎత్తు.

“సముద్రంలో ఉన్నవన్నీ తింటాది బాబూ. రొయ్యలు, పీతలు, ఏటి పెట్టినా తింటాది. ఏరుసెనగ గుళ్లు మాత్రం పడవు. మూడేళ్లప్పుడు ఓ పెళ్లిలో ఉండ తిని మొకమంతా పొంగిపోనాది. ఊపిరాడక నల్లగైపోనాది. మీరు ఇల్లిల్లూ తిప్పి మిఠాయిలు పెట్టిత్తారంట. నాకు బయమేత్తంది.”

భయపడొద్దని, ఆ సంగతి నేను చూసుకుంటానని చెప్పాను. అవే మాటలు చెప్పాను, నాకు బాగా గుర్తు.

ఆ పాప ఎంచుకున్నది ఆకుపచ్చ మంత్రగత్తె ముసుగు. ఆకుపచ్చది అదొక్కటే. మిగతావన్నీ పుర్రెలు, తెల్లదెయ్యాలు, గబ్బిలాలు. నాకు వెంటనే ఆలోచన తట్టింది. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాను, కాగితం మీద అచ్చేయించి ప్రతి తలుపుకూ అంటించాను: ఆకుపచ్చ ముసుగు వేసుకున్న పాపకు వేరుశనగ కలిసిన తినుబండారం ఏదీ ఇవ్వకండి, చాక్లెట్లయితే కవరు మీద చూసి ఇవ్వండి. కాగితం అంటిస్తుంటే నాకు తృప్తిగా అనిపించింది. పాప నాయనమ్మకు కూడా చూపించాను. ఆవిడ చదువుకోలేదు. నేను చదివి వినిపిస్తే, “అయితే సరే బాబూ” అంది.

ఆ సాయంత్రం ఇరవై మందికి పైగా పిల్లలు గేటు దగ్గర చేరారు. మూడు జట్లు చేశాం. మా బ్లాకు తిరిగే జట్టులో ఏడుగురు. పుర్రె ముసుగుతో మా మనవరాలు, దానితోనే తిరుగుతానన్న ఆ పాప అందులోనే. పిల్లల్ని లిఫ్టులో ఐదో అంతస్తుకు చేర్చి, అక్కణ్ణుంచి తలుపులు తడుతూ మెట్ల మీదుగా దిగమని చెప్పాను. పెద్దపిల్ల ఒకతి ముందు నడిచింది. నేను టార్చి పట్టుకుని రెండో అంతస్తు మెట్ల మలుపులో నిలబడ్డాను. అక్కడే మెట్టు అంచు కాస్త అరిగిపోయి, అడుగు జారే చోటు. పాప నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు. కింద కుర్చీ వేసుకుని కూర్చుంది.

పైనుంచి అరుపులు, నవ్వులు, తలుపులు తీసిన చప్పుళ్లు వినిపిస్తున్నాయి. జట్టు దిగొచ్చింది. నేను లెక్కపెట్టుకున్నాను, ఏడుగురూ ఉన్నారు. ఆకుపచ్చ ముసుగు నా ముందునుంచే గెంతుకుంటూ పోయింది. దాని వెనక పుర్రె ముసుగు వేసుకున్న మా మనవరాలు మెట్టు మీద ఆగిపోయి దగ్గుతోంది. ఒక చేత్తో గోడ పట్టుకుంది.

“నిదానంగా తినమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ముందు ఆ ముసుగు తియ్యి, గాలాడుతుంది” అని నేనే వంగి ముసుగు పైకెత్తాను.

మా మనవరాలు కాదు. ఆ పాప.

పెదవులు ఉబ్బిపోయాయి. ఒక కన్ను సగం మూసుకుపోయింది. మెడ మీద ఎర్రటి దద్దుర్లు నా కళ్లముందే పైకి పాకుతున్నాయి. “తాతగారూ, గొంతులో దురదగా ఉంది” అంది. గొంతు మారిపోయింది, బొంగురుగా ఉంది.

“ఏం తిన్నావమ్మా?”

“లడ్డూ. సగమే.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. పైమెట్ల మీద.”

ఇలాంటప్పుడు చేయాల్సింది ఫ్యాక్టరీలో ఎన్నోసార్లు నేర్పించాను. మనిషిని నడిపించకూడదు. ఊపిరి ఇబ్బందిగా ఉంటే పడుకోబెట్టకూడదు, ఆనించి కూర్చోబెట్టాలి. ఒక్క నిమిషం కూడా వృథా చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. అవన్నీ గుర్తున్నాయి. పాపను ఎత్తుకుని రెండంతస్తులు దిగాను. అరవై దాటిన వయసులో ఎలా దిగానో ఇప్పటికీ తెలియదు.

నాయనమ్మ కుర్చీలోంచి లేచింది. “ఓలమ్మా! ఏటైనాది? బాబూ, ఏటి తినిపించీసినారు?” అంటూనే నడుముకున్న సంచీలోంచి మందు సీసా తీసింది. దద్దుర్లకు డాక్టరిచ్చిన సిరప్పు. అది తాగించాం. సగం కక్కేసింది. సిరప్పుతో ఆగేది కాదని ఆ ఊపిరి చప్పుడు వింటేనే అర్థమైంది.

మా అబ్బాయి కారు తాళాలు తెస్తానన్నాడు. సెల్లారు దారికి నేనే తాడు కట్టించాను, పూలకుండీలు పెట్టించాను. వాటిని తీసి కారు బయటికి తెచ్చేదాకా ఆగలేననిపించింది. గేటు బయట ఒక ఆటో ఎవరినో దించి వెనక్కి తిరుగుతోంది. కేకేశాను.

ఆటో అతను పాప మొహం చూశాడు, ఇంకేమీ అడగలేదు. “ఎక్కండి బాబూ, ఎక్కండి. దగ్గర్లో పెద్దాసుపత్రికి పోతన్నాను. అమ్మా, నువ్వు గుంటని గట్టిగా పట్టుకో” అన్నాడు.

నాయనమ్మ ఒళ్లో పాప, పక్కన నేను. పాప తల నా భుజానికి ఆనించి, దవడ కాస్త పైకెత్తి పట్టుకున్నాను. ఆటో అతను హారన్ మీద చెయ్యి తీయలేదు. స్టేషన్ రోడ్డు మలుపులో లారీ అడ్డమొస్తే తల బయటపెట్టి, “సిన్నపిల్ల బావా, సిన్నపిల్ల! ఓ పక్కకి తియ్యి” అని అరిచాడు. లారీ వెనక్కి తగ్గింది. నేను ఆసుపత్రికి ఫోన్ చేసి ఎవరో ఎత్తగానే, ఎనిమిదేళ్ల పాప, వేరుశనగ పడదు, ఊపిరి ఆడటం లేదు, వస్తున్నాం అని చెప్పాను. దారి పొడుగునా నాయనమ్మ ఒకే మాట అంటూనే ఉంది. “నా తల్లే, ఊపిరి తియ్యి. తియ్యి నా తల్లే.”

గుమ్మంలోనే నర్సు స్ట్రెచర్‌తో నిలబడి ఉంది. లోపలికి తీసుకుపోతూనే తొడకు ఇంజెక్షన్ ఇచ్చారు. ఆక్సిజన్ పెట్టారు. తెర వేసేశారు. మేమిద్దరం బయట నిలబడ్డాం. ఎంతసేపని చెప్పలేను. ఒక డాక్టరమ్మ బయటికొచ్చి ఊపిరి తేలికపడిందని, అయినా మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంటుంది గనక పొద్దున్నదాకా ఉంచుకుంటామని చెప్పింది. నాయనమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. అంతదాకా ఏడవలేదు.

“తప్పు నాదమ్మా. నేను చూసుకుంటానన్నాను” అన్నాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. “నువ్వు కాయితం రాసినావు. నాను ఆ కాయితాన్ని నమ్మి కుర్సీలో కూకున్నాను. దాని సెయ్యి పట్టుకుని ఎల్లాల్సింది నాను. మోకాళ్లు నొప్పెడితే మాత్రం ఏటి?” అంది.

ఆవిడను లేపి బెంచీ మీద కూర్చోబెట్టాను.

గంట తరవాత పాప తల్లి ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చింది. ముందు తెర వెనక్కి వెళ్లి బిడ్డను చూసుకుంది. బయటికొచ్చాక జరిగింది చెప్పమంది. చెప్పాను. అప్పటికి ఇంటికి ఫోన్ చేసి ముసుగుల సంగతి కనుక్కున్నాను. ఐదో అంతస్తు మెట్ల మీద మా మనవరాలు, ఆకుపచ్చది ఒక్కసారి నేను వేసుకుంటాను అని అడిగిందట. ఆ పాప సరేనని మార్చుకుందట. పిల్లలు చేసే పనే అది.

ఆమె అంతా విని, “మా పిల్లకి గుర్తు పెట్టమంటే ముసుగుకి పెట్టారా మీరు?” అంది.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. మరమ్మతులో ఉన్న యంత్రానికి కట్టాల్సిన చీటీ పక్కనున్న కుర్చీకి కట్టి వచ్చేవాణ్ణి ఫ్యాక్టరీలో నేనైతే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. తల వంచుకుని క్షమించమ్మా అన్నాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున మా మనవరాలు కాఫీ గిన్నె దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. రాత్రి అన్నం తినలేదని కోడలు చెప్పింది.

“నేనే అడిగాను తాతయ్యా. అది చచ్చిపోయుంటే నన్ను జైల్లో పెట్టేవాళ్లా?”

“లేదమ్మా. ముసుగు మార్చుకోకూడదని నీకు ఎవరైనా చెప్పారా?”

తల అడ్డంగా ఊపింది.

“చెప్పాల్సింది నేను. చెప్పలేదు. కాబట్టి ఆ తప్పు నాదే” అన్నాను. అది నమ్మిందో లేదో తెలియదు. పాప ఇంటికి రాగానే చూసిరావాలని మాత్రం పట్టుబట్టింది.

తరవాత నాలుగో అంతస్తుకు వెళ్లాను. అక్కడ లెక్కలు చెప్పి రిటైరైన టీచరుగారు ఒక్కరే ఉంటారు. లడ్డూలు ఆవిడే చేశారు. వేరుశనగపొడి, బెల్లం, నెయ్యి. తలుపు తీసేసరికే ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా కాగితం ఇంకా ఆ తలుపు మీదే ఉంది.

“మీరు రాసినట్టే చేశానండి. ఆకుపచ్చ ముసుగు పాపకు లడ్డూ ఇవ్వలేదు. పాలబిళ్లలు విడిగా పెట్టి అవే ఇచ్చాను. మిగతా పిల్లలకు పరవాలేదు కదా అనుకున్నాను” అన్నారు.

ఆవిడ పాలబిళ్లలు ఇచ్చింది మా మనవరాలికి. ఆవిడ తప్పు ఇసుమంత కూడా లేదని రెండు మూడుసార్లు చెప్పి, ఆ కాగితం నా చేత్తోనే చింపేసి వచ్చాను. కానీ చాలా రోజులు ఆవిడ ఎవరికీ ఏమీ పెట్టలేదు. గుళ్లో ప్రసాదం పంచమన్నా చేతులు వెనక్కి తీసుకునేవారు.

పాప రెండో రోజు ఇంటికొచ్చింది. మా మనవరాలిని తీసుకుని వెళ్లాను. మంచం మీద కూర్చుని బొమ్మలకు రంగులేస్తోంది. పిల్లలిద్దరూ క్షణంలో మామూలైపోయారు. నేను ఒక ప్రశ్న అడగాలనుకున్నాను, అడగొచ్చో లేదో తెలియలేదు. చివరికి అడిగాను.

“ఎవరు ఏం పెట్టినా ఇందులో ఏముందని అడిగే తింటావని మీ నాయనమ్మ చెప్పింది. మరి ఆరోజు ఎందుకు అడగలేదమ్మా?”

పాప రంగుపెన్సిల్ ఆపింది. “మీరు అందరికీ చెప్పేశారు కదా తాతగారూ. అందుకే అడగలేదు” అంది.

ఆ మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. ఎనిమిదేళ్ల పిల్ల తనను తాను కాపాడుకునే అలవాటు ఒకటి నేర్చుకుంది. నా కాగితం వచ్చి ఆ అలవాటును పక్కన పెట్టించింది.

అపార్టుమెంటు మీటింగు పెట్టారు. సగంమంది ఇక హాలోవీన్ మానేద్దామన్నారు. నాకూ అదే మంచిదనిపించింది. అప్పటిదాకా నాతో మాట్లాడని పాప తల్లి చెయ్యెత్తింది.

“మానేస్తే మా పాపకేంటి లాభం? బడిలో పుట్టినరోజులుంటాయి, పెళ్లిళ్లుంటాయి, రైలు ప్రయాణాలుంటాయి. అన్నీ మానేయించలేం. నీ వల్లే పండగ ఆగిపోయిందని పిల్లలంటే అది తట్టుకోలేదు. చేద్దాం. కాకపోతే మాస్టారు కాగితాలు పెద్దవాళ్లకే అంటించారు. వేషాలు వేసేది పిల్లలు. వాళ్లకి ఎవరు చెప్పారు?”

ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్లపాటు పొద్దున్నే పనివాళ్లను నిలబెట్టి మాట్లాడినవాణ్ణి, ఇరవైమంది పిల్లల్ని పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడలేకపోయాను. వాళ్లు వింటారని అనుకోకపోవడమే కారణం.

మరుసటి ఏడు పాప తల్లే ముందుండి చేయించింది. నేను ఆమె కింద పనిచేశాను. పండగకు ముందు ఆదివారం పిల్లలందర్నీ పార్కింగులో చాపల మీద కూర్చోబెట్టి, వేరుశనగ పడకపోతే ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పింది. పాప తన వైపు నుంచి తాను చెప్పింది. గొంతులో చీమలు పాకినట్టు ఉంటుందని, తరవాత ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు ఉంటుందని. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఒకడు, “అయితే నేను చిక్కీ తిని నీ చెయ్యి పట్టుకుంటే?” అని అడిగాడు. మంచి ప్రశ్న. చేతులు కడుక్కునే పట్టుకోవాలని అప్పటికప్పుడు అందరం అనుకున్నాం.

కొత్త ఏర్పాట్లు కొన్నే. తిరిగినంతసేపూ ఎవరూ ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. అన్నీ సంచిలో వేసుకుని కిందికి తెస్తే, బల్ల మీద పోసి పెద్దవాళ్లు చూశాకే తినాలి. విడి మిఠాయిలు వద్దు, పేర్లు రాసున్న పొట్లాలే ఇవ్వాలి. ముసుగు తలుపు దగ్గరే మొహం మీదికి దించుకోవాలి, మెట్ల మీద నెత్తిమీదే ఉండాలి. ప్రతి జట్టుతోనూ పైదాకా ఒక పెద్దమనిషి వెళ్లాలి. పాప చేతికి ఎర్రపట్టీ కట్టాం. అలా కడితే మిగతా పిల్లల్లోంచి వేరుచేసినట్టు ఉంటుందేమోనని తల్లి సందేహించింది. రెండో రోజుకే అందరికీ తలా ఒక రంగు పట్టీ కావాలని పిల్లలు గోలపెట్టారు.

అవసరమైతే వెంటనే ఇవ్వడానికి డాక్టరు ఆ ఇంజెక్షన్ రాసిచ్చారు. అది ఇవ్వడం నాయనమ్మ కూడా నేర్చుకుంది. ఆసుపత్రిలో నర్సు బత్తాయిపండు మీద నేర్పించిందట. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఇంట్లో బల్ల మీద చిల్లులు పడ్డ బత్తాయిలు నాలుగున్నాయి.

“సేపని కోసినంత సులువు కాదు బాబూ. సెయ్యి వణుకుతాది. అందుకే రోజూ సేత్తన్నాను” అంది.

పండగరోజు పిల్లలకు తలుపు తీయమని టీచరుగారిని ఒప్పించింది కూడా ఆవిడే. నాలుగో అంతస్తుకు మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వెళ్లింది. లిఫ్టుండగా మెట్లెందుకమ్మా అంటే, రేపు పిల్లల యెనకాల ఎక్కాలి గదా, ఎక్కగలనో నేదో సూసుకుంతన్నాను అంది. లోపల వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ ఏడు టీచరుగారు పిల్లలకు మిఠాయిలకు బదులు రబ్బర్లు, పెన్సిళ్లు ఇచ్చారు. పిల్లలు మొహాలు మాడ్చుకున్నా తీసుకున్నారు.

ఆ సాయంత్రం సెల్లారు దారికి తాడు కట్టాం గానీ, ఒక కారును ముందుగానే గేటు బయట, తాళాలు వాచ్‌మన్ దగ్గర పెట్టి ఉంచాం. పాప ఈసారి గబ్బిలం వేషం వేసింది. ఆకుపచ్చ ముసుగు ఎవరు వేసుకున్నారో నేను పట్టించుకోలేదు. పాప తల్లి నా చేతిలో జట్టు జాబితా పెట్టి, “మూడో బ్లాకు మీది మాస్టారూ. పైదాకా ఎక్కాలి” అంది. ఏడాదిలో ఆమె నాతో నవ్వుతూ మాట్లాడిన మొదటి మాట అది. ఎక్కాను. ఎనిమిదిమంది పిల్లలు, ఐదంతస్తులు. దిగేటప్పుడు ఒక పిల్లాడు గౌను తట్టుకుని పడ్డాడు. మోకాలు గీరుకుంది. కడిగి మందు రాసి, గౌను పైకి మడిచి పిన్ను పెట్టాను. వాడు కన్నీళ్లు తుడుచుకుని మిగతా తలుపులు తట్టడానికి పరిగెత్తబోతే, పరిగెత్తకు అన్నాను. నడిచి వెళ్లాడు.